గొంతును పెంచిన కొలువు

ఫ్రిట్జ్ వుండర్లిష్ పేరెత్తగానే మెట్ల మీంచి పడిన ప్రమాదం గురించే చెబుతారు. ఆ జర్మన్ టెనర్ (హెచ్చు స్థాయి మగ గొంతు) గాయకుడు 36వ పుట్టినరోజుకు 9 రోజుల ముందు, 1966 సెప్టెంబరు 17న హైడెల్‌బర్గ్‌లో కన్నుమూశారు. న్యూయార్క్‌లోని పేరున్న సంగీత నాటకశాల మెట్రోపాలిటన్ ఒపేరాలో తొలి ప్రదర్శన మరుసటి నెలలోనే ఉంది. గుండె బరువెక్కే సంగతే. అయితే ఆ చావు కథ చాటున, ఆ గొంతు ఎలా తయారైందన్నది మరుగున పడిపోతోంది.

కూసెల్ అనే చిన్న ఊళ్లో 1930లో పుట్టారు. ఫ్రైబుర్గ్‌లో హార్న్ (ఊది వాయించే ఇత్తడి వాద్యం), గాత్రం నేర్చుకుంటూ, డాన్స్ బ్యాండ్లలో వాయించి ఖర్చులు గడుపుకొన్నారు. 1955లో స్టుట్‌గార్ట్ ఒపేరా తన నెలజీతపు గాయక బృందంలో కొలువిచ్చింది. మొదట దక్కింది వాగ్నర్ ‘మాయిస్టర్‌జింగర్’లో చిన్న వేషం. తర్వాత అక్కడి టెనర్ జోసెఫ్ ట్రాక్సెల్ బదులు మోజార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’లో నాయకుడు టమీనోగా నిలబడ్డారు. దీన్ని అదృష్టమంటారు. మేము అనం. ఆ పాత్ర 1954లోనే విద్యార్థి ప్రదర్శనలో పాడి ఉన్నారు. పైగా అదే నాటకశాలలో రోజూ అందుబాటులో ఉన్నారు. అతిథి గాయకులతోనే నడిచే చోటైతే, పక్క ఊరి నుంచి పేరున్నవాణ్నే రప్పించేవారు.

టమీనో ఒంటరిగా పాడే తొలి పాట కొత్తవాళ్లకు కఠిన పరీక్ష. శ్రుతి ఇ-ఫ్లాట్. దాన్ని షడ్జమం అనుకుంటే మొదటి స్వరం కింది పంచమం, రెండోది ఏకంగా అంతర గాంధారం. టెనర్ గొంతు ఛాతీ నాదం వదిలి తల నాదంలోకి మారే గండం సరిగ్గా అక్కడే. కింది బలాన్ని అలాగే పైకి మోసుకెళ్తే స్వరం అరుపవుతుంది, జంకితే దొంగగొంతై పలచబడుతుంది. పంచమానికి ముందే నిండుగా ఊపిరి తీసుకోవాలి, ఎక్కేటప్పుడు అచ్చును కాస్త గుండ్రం చేయాలి, ఊపిరి ఒత్తిడి సడలనివ్వకూడదు. హార్న్ వాయించిన వ్యక్తికి ఈ ఊపిరి లెక్క కొత్త కాదు. కార్ల్ బోమ్ నిర్వహణలో 1964లో చేసిన రికార్డింగు వినండి, ఆ ఎక్కుడులో అతుకు వినబడదు.

ఫ్రాంక్‌ఫర్ట్, 1960లో మ్యూనిక్‌. కొలువులు మారాయి గానీ వాగ్నర్ వీరపాత్రల జోలికి పోలేదు. పియానిస్టు హూబర్ట్ గీజెన్‌తో కూర్చుని లీడ్ పాటలు (పియానోతో పాడే జర్మన్ కవితా గీతాలు) సాధన చేశారు.

పోటీలో బహుమతి కొట్టిన పాతికేళ్ల కుర్రాణ్ని వెంటనే బరువు పాత్రల్లోకి తోస్తే గొంతు కొన్నేళ్లకే అరిగిపోతుంది. చిన్న వేషాలు, రోజువారీ సాధన, పెద్ద గాయకులను దగ్గరగా వినడం, ఈ మూడూ ఒకేచోట దొరికేది నెలజీతపు బృందంలోనే. పొదుపు మాట వచ్చినప్పుడు, ఒపేరాలను పోషించే జర్మన్ నగరాలు, రాష్ట్రాలు ముందుగా ఆ ఉద్యోగాలకే కత్తెర వేయకూడదు.