తొమ్మిది మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే పైపు సేఫ్ అయిపోతుందా?

పొగాకు తాగే పాత పైపులు సేకరించేవాళ్ల మధ్య, కొత్తగా పైపు మొదలుపెట్టిన కుర్రాళ్ల మధ్య ఒక సలహా వీడియోల్లో తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "మీ దగ్గరున్న ఏ పైపైనా సరే, 9 మి.మీ. డ్రిల్ బిట్‌తో పొగ వచ్చే బెజ్జం పెద్దది చేసి చార్‌కోల్ (బొగ్గు) ఫిల్టర్ దూర్చేయండి. పది నిమిషాల పని. తారు, నికోటిన్ అక్కడే ఆగిపోతాయి. పైపులో నీళ్లు గుడగుడలాడవు, నాలుక మండదు. జర్మనీలో డాక్టర్లు ఒప్పుకున్న పద్ధతి. పైపు విలువ కూడా తగ్గదు."

ఇందులో పావు వంతు నిజం ఉంది. మిగతా ముప్పావు వంతు వల్ల మంచి పైపులు పాడవుతున్నాయి. అంతకంటే పెద్ద నష్టం, తాగేవాడికి లేనిపోని ధైర్యం వస్తోంది.

"ఏ పైపైనా సరే, పది నిమిషాల పని"

ముందు పైపు ఎలా ఉంటుందో చూద్దాం. పొగాకు నింపే గిన్నె, దాని పక్కనుంచి వచ్చే కాడ ఒకే కర్రముక్కలో చెక్కినవి. మంచి పైపుల్లో ఆ కర్ర ఎక్కువగా బ్రయర్. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే ఒక పొద తాలూకు వేరు బుడిపె అది. నోట్లో పెట్టుకునే భాగాన్ని స్టెమ్ అంటారు. దాన్ని అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తోనో ఎబోనైట్‌తోనో చేస్తారు. రాజమండ్రి రత్నం పెన్నుల వల్ల ఎబోనైట్ మనవాళ్లకి తెలిసిందే, రబ్బరులో గంధకం కలిపి గట్టిపరిచిన పదార్థం. స్టెమ్ చివర సన్నటి గొట్టంలాంటి కొస ఒకటి కాడలోకి బిగుతుగా దిగుతుంది. దాని పేరు టెనన్. గొడవంతా అక్కడే.

ఫిల్టర్ కోసం చేయని మామూలు పైపులో టెనన్ బయటి కొలత సుమారు 7, 8 మి.మీ. ఉంటుంది. లోపల పొగ వచ్చే దారి మూడున్నర నుంచి 4 మి.మీ. ఇప్పుడు చెప్పండి, 8 మి.మీ. లావున్న ముక్కలో 9 మి.మీ. బెజ్జం ఎలా వేస్తారు?

వేయలేరు కాబట్టి ఆ టెనన్‌ని కోసేసి, స్టెమ్‌ని లోపలికి తొలిచి, కొత్త గొట్టం అతికించాలి. ఫిల్టర్ 9 మి.మీ., దాని చుట్టూ గోడ అటు ఒకటి ఇటు ఒకటి వేసుకున్నా కొత్త టెనన్ 11 మి.మీ. అవుతుంది. అది పట్టాలంటే కర్ర కాడని కూడా 11కి తొలవాలి. కాడ మొత్తం లావు 14 మి.మీ. అనుకుంటే రెండువైపులా మిగిలే కర్ర ఒకటిన్నర మిల్లీమీటరు. బ్రయర్ వేడికీ తడికీ ఉబ్బుతుంది, ఆరితే తగ్గుతుంది. స్టెమ్ తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ ఆ పల్చటి గోడని టెనన్ మేకులా నెడుతుంది. పగులు ఈ రోజు రాకపోవచ్చు. నాలుగు నెలలు వాడాక కాడ మూతి దగ్గర వెంట్రుకవాసి గీత కనిపిస్తుంది. అప్పటికి ఆ వీడియో పెట్టినాయన ఇంకో పైపు తొలుస్తూ ఉంటాడు.

పైపు తిన్నగా ఉంటేనే ఈ లెక్క. చార్‌కోల్ ఫిల్టర్ పొడవు దాదాపు 4 సెంటీమీటర్లు. అందులో కొంత స్టెమ్‌లోకి, కొంత కాడలోకి దిగాలి. వంపు తిరిగిన పైపులో అంత లోతుకి తిన్నగా తొలిస్తే బిట్టు స్టెమ్ పక్కగోడలోంచి బయటికి వచ్చేస్తుంది. చేతి డ్రిల్లుతో అయితే చెప్పనే అక్కర్లేదు. మిషన్ వేగానికి ఎబోనైట్ వేడెక్కి మెత్తబడుతుంది, గంధకం కంపు కొడుతుంది, బిట్టు పట్టేసి స్టెమ్‌ని తిప్పేస్తుంది. అక్రిలిక్ అయితే అంచులు పెచ్చులూడుతుంది. ఆ పొడి పీల్చడం కూడా మంచిది కాదు. మాస్క్ మాట ఏ వీడియోలోనూ వినపడదు.

కొన్ని పైపులు మార్చడానికి వీలైనవే, కాదనను. కాడ బాగా లావుగా ఉంటే, లేత్ మిషన్ మీద పని తెలిసిన మనిషి కొత్త స్టెమ్ తయారుచేసి ఇవ్వగలడు. 6 మి.మీ. ఫిల్టర్లయితే ఇంకాస్త వీలుంది. అది పనివాడి చేతి పని, పది నిమిషాల పని కాదు. అయ్యే ఖర్చు చాలాసార్లు ఫిల్టర్ పైపు కొత్తది కొన్నంత అవుతుంది. సావినెల్లి, వావెన్, స్టాన్‌వెల్ లాంటి కంపెనీలు ఫిల్టర్ కోసమే చేసిన పైపులు ఎప్పటినుంచో అమ్ముతున్నాయి. కెనడాలో పుట్టిన బ్రిగమ్ పైపుల్లో మేపుల్ కర్రతో చేసిన సన్నటి గొట్టమే ఫిల్టర్. అవి మొదటి గీత గీసినప్పుడే ఆ కొలతలతో పుట్టిన పైపులు.

"నీళ్లు గుడగుడలాడవు, నాలుక మండదు"

నేను చెప్పిన పావు వంతు నిజం ఇక్కడుంది. పొగాకు కాలితే నీటి ఆవిరి పుడుతుంది, పొగాకులో ఉన్న తడి దానికి తోడవుతుంది. ఆ వేడి ఆవిరి చల్లటి స్టెమ్‌కి తగిలి నీరవుతుంది. ఫిల్టర్‌లోని కాగితం, బొగ్గు, సావినెల్లి వాళ్ల మూడు పలకల బాల్సా చెక్క, అన్నీ ఈ తడిని పీలుస్తాయి. నోట్లోకి వచ్చే పొగాకు తునకల్ని ఆపుతాయి. ఆవిరి తగ్గితే కొందరికి నాలుక మంట కూడా తగ్గుతుంది.

కానీ గుడగుడ చాలాసార్లు పైపు తప్పు కాదు. తడి పొగాకు, గబగబా పీల్చే అలవాటు, టెనన్ కొసకీ కాడ లోపలి అడుగుకీ మధ్య మిగిలిన ఖాళీ, ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణం. ఆ ఖాళీలో పొగ ఒక్కసారిగా విస్తరించి, చల్లబడి నీరవుతుంది. ఇప్పుడు మన డ్రిల్లు వీరుడు చేసేదేమిటి? ఆ ఖాళీని 9 మి.మీ. వెడల్పుకి, 4 సెంటీమీటర్ల పొడవుకి పెంచడం! ఫిల్టర్ ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. అది అయిపోయి, కొత్తది దొరక్క ఖాళీగా వెలిగిస్తే పైపు ముందుకన్నా ఎక్కువ గుడగుడలాడుతుంది. అందుకే ఫిల్టర్ పైపులు చేసే కంపెనీలు ఫిల్టర్ లేనప్పుడు పెట్టుకోవడానికి చిన్న అడాప్టర్ కూడా ఇస్తాయి. ఇంట్లో తొలిచిన బెజ్జానికి ఆ అడాప్టర్ సరిపోతుందో లేదో ఎవరూ చెప్పలేరు. పైగా నానిన ఫిల్టర్ తడి పీల్చదు. ఎప్పటికప్పుడు మార్చుతూ ఉండాల్సిందే, అంటే ఖర్చు ఒక్కసారితో పోదు.

ఈ నీటి సమస్యకి డబ్లిన్‌లో చార్లెస్ పీటర్సన్ 1890లోనే పేటెంట్ తీసుకున్నాడు. పొగ దారికి కింద కాడలోనే చిన్న గుంట పెట్టాడు, నీరు అందులోకి జారుతుంది, తర్వాత తుడుచుకోవచ్చు. ఫిల్టర్ ఊసే లేదు. గుంట లేని పైపుకి ఇంకా తేలిక ఉపాయం ఉంది. పొగాకుని నింపేముందు కాసేపు కాగితం మీద ఆరబెట్టడం, మెల్లగా పీల్చడం, మధ్యలో ఒక పైపు క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) లోపలికి దూర్చి తీయడం. డ్రిల్లు మిషన్ అలమరలోనే ఉంటుంది.

"తారు, నికోటిన్ అక్కడే ఆగిపోతాయి"

అసలు గొడవ ఈ వాక్యంతోనే. ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ బొగ్గు (వాయువుల్ని పీల్చేలా తయారుచేసిన బొగ్గు) పొగలోని కొన్ని వాయు పదార్థాలని కొంతవరకు పట్టుకుంటుంది. తారులో కొంత ఫిల్టర్‌కి అంటుకుంటుంది, వాడిన ఫిల్టర్ గోధుమరంగులోకి మారేది అందుకే. ఆ రంగు చూసి "ఇదంతా నా ఒంట్లోకి పోయేది కదా" అని మురిసిపోతారు. ఆగకుండా పోయిన దానికి రంగు కనిపించదు కదా! కార్బన్ మోనాక్సైడ్‌ని ఈ బొగ్గు దాదాపు పట్టుకోనే పట్టుకోదు, అది నేరుగా వచ్చేస్తుంది.

నికోటిన్ సంగతి ఇంకా విచిత్రం. పైపు, చుట్ట పొగ సాధారణంగా సిగరెట్ పొగకన్నా క్షార గుణం వైపు ఉంటుంది. అందువల్ల నికోటిన్ ఊపిరితిత్తులదాకా వెళ్లకుండానే నోటి లోపలి చర్మం నుంచే ఒంట్లోకి చేరుతుంది. "నేను పొగ మింగను" అనేవాళ్లకి కూడా పైపు అలవాటుగా మారేది ఇలాగే. ఫిల్టర్ కాస్త తగ్గించినా, అలవాటుపడ్డ ఒళ్లు తన వాటా తాను అడుగుతుంది. ఇంకో రెండు దమ్ములు ఎక్కువ, ఇంకాస్త గట్టిగా. "లైట్" సిగరెట్ల కథలో ఇదే జరిగింది. మిషన్ పెట్టి కొలిస్తే తారు తక్కువ, మనుషులు మాత్రం గట్టిగా పీల్చి లెక్క సరిచేసుకున్నారు. చివరికి అమెరికాలో 2010 నుంచి సిగరెట్ పెట్టెల మీద "లైట్", "మైల్డ్" లాంటి మాటలు వాడకూడదన్నారు.

ఫిల్టర్ అనగానే రక్షణ అనుకునేవాళ్లు కెంట్ సిగరెట్ కథ ఒకసారి చదవాలి. 1952లో అమెరికాలో గొప్ప ఆరోగ్య ఫిల్టర్ అని ప్రచారం చేసి వదిలారు. 1956 దాకా ఆ ఫిల్టర్‌లో ఉన్నది క్యాన్సర్ తెచ్చే నీలి ఆస్‌బెస్టాస్.

పైపు జబ్బుల గురించి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. పైపు తాగేవాళ్లకి పెదవి మీద క్యాన్సర్ వస్తోందని జర్మన్ వైద్యుడు జోమరింగ్ 1795లోనే రాశాడు. అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ముఖ్య ఆరోగ్యాధికారి) 1964 నివేదిక సిగరెట్ మీద పిడుగులా పడింది కాబట్టి అదే అందరికీ గుర్తు. పైపుకీ పెదవి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం రుజువైందని కూడా అందులోనే ఉంది. పొగ నోట్లోనే ఉంచుకుంటే పర్వాలేదనుకునేవాళ్లు మన ఉత్తరాంధ్ర తీరం వైపు చూడాలి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పు కొస నోట్లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. వాళ్ల అంగిలి మీద వచ్చే మచ్చలు, క్యాన్సర్ల గురించి వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. అక్కడ నిప్పు సెగ కూడా తోడవుతుంది, కాబట్టి పైపూ అదీ ఒకటే అనను. నోరు కూడా ఒంట్లో భాగమేనని చెప్పడానికి అది చాలు.

"జర్మనీలో డాక్టర్లు ఒప్పుకున్నారు"

జర్మనీలో 9 మి.మీ. ఫిల్టర్ వాడకం ఎక్కువే, నిజం. న్యూరెంబర్గ్‌లోని వావెన్ కంపెనీ 1930లలో తెచ్చిన ఫిల్టర్ పేరు డాక్టర్ పెర్ల్. అమెరికాలో డాక్టర్ గ్రాబో అని పైపులున్నాయి, మెడికో అని ఫిల్టర్లున్నాయి. పేర్లు వింటే మందుల షాపు గుర్తొస్తుంది. అవి అమ్ముడుపోవడానికి పెట్టిన పేర్లు. అట్ట మీద డాక్టర్ ఉన్నంత మాత్రాన లోపల మందు ఉండదు.

"విలువ తగ్గదు"

తగ్గుతుంది. కొనేవాడు చేసే మొదటి పని స్టెమ్ లాగి కాడలోకి చూడడం. తొలిచిన బెజ్జం అక్కడే దొరికిపోతుంది. ఇంగ్లండ్ కంపెనీ డన్‌హిల్ పాత పైపుల్లో అల్యూమినియం గొట్టం ఉండేది కదా, వాళ్లూ మార్చినట్టే కదా అని వాదించేవాళ్లున్నారు. 1910ల నాటి ఆ గొట్టాన్ని కంపెనీయే పైపుతోపాటు చేసింది, తీస్తే వచ్చేస్తుంది, పైపు చెక్కుచెదరదు.

ఇంకో సంగతి. డన్‌హిల్ ఏ ఏడాదిదో చెప్పేది కాడ మీద "మేడ్ ఇన్ ఇంగ్లండ్" పక్కనున్న చిన్న అంకె. కాడ మూతి పగిలితే బిగించడానికి ఇత్తడి పట్టీయో వెండి పట్టీయో వేయాల్సి వస్తుంది. ఆ పట్టీ చాలాసార్లు ఆ ముద్ర మీదికే వచ్చి కూర్చుంటుంది.