పెద్దల సభలో ఓటు ఎటు పడింది?

రాజ్యసభ సభ్యుడి పనితీరు గురించి మన దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా రెండు అంకెలే బయటికొస్తాయి. హాజరు ఎంత శాతం, అడిగిన ప్రశ్నలు ఎన్ని. ఆరేళ్లలో ఆయన ఏ బిల్లుకు అవునన్నారు, దేనికి కాదన్నారు, ఏ ఓటింగ్ వేళకు లేచి బయటికి వెళ్లిపోయారు అన్నది మాత్రం ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. చట్టసభకు పంపిన మనిషి చేయాల్సిన మొదటి పని ఓటు వేయడం. ఆ ఓటు లెక్కే ప్రజల చేతికి అందకపోవడం మమ్మల్ని చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

ఆంధ్రప్రదేశ్‌కు 11 సీట్లు, తెలంగాణకు 7. మొత్తం 18. సుమారు రెండున్నర వందల మంది ఉన్న సభలో ఇది చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ, కీలకమైన రోజున చిన్నది కాదు. 2019 జులై 30న ట్రిపుల్ తలాక్ బిల్లు రాజ్యసభలో 99-84 ఓట్లతో నెగ్గింది. తేడా 15. మన రెండు రాష్ట్రాల సీట్లు అంతకంటే ఎక్కువే. ఆ రోజు వైఎస్సార్‌ కాంగ్రెస్ బిల్లును వ్యతిరేకించింది. టీఆర్‌ఎస్, తెలుగుదేశం సభ్యులు ఓటింగ్‌లో పాల్గొనలేదు. సభలో హాజరై ఓటు వేసినవారిలో మెజారిటీయే నిర్ణయం అని రాజ్యాంగం 100వ అధికరణ చెబుతోంది. అంటే గైర్హాజరైన ప్రతి సభ్యుడూ గెలుపు గీతను కొంచెం కిందికి దించినట్టే. రానివారు తటస్థంగా ఉన్నారని మనం సరిపెట్టుకుంటాం. లెక్క మాత్రం అలా సరిపెట్టుకోదు.

ఒక్క ఓటు కాదు, ఒక్క ఓటులో మూడో వంతు ఎంత పని చేస్తుందో ఈ సభే ఒకసారి చూపించింది. 1970 సెప్టెంబర్ 5న రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే భత్యాల) రద్దుకు ఉద్దేశించిన రాజ్యాంగ సవరణ బిల్లు రాజ్యసభ ముందుకొచ్చింది. లోక్‌సభ అప్పటికే ఆమోదించింది. పెద్దల సభలో అనుకూలంగా 149 ఓట్లు, వ్యతిరేకంగా 75. మొత్తం 224లో మూడింట రెండు వంతులు కావాలంటే 149.33 రావాలి. ఆ చిల్లర భాగం దగ్గర బిల్లు వీగిపోయింది. ఆ వెంటనే రాష్ట్రపతి వి.వి.గిరి ఉత్తర్వుతో సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేయడం, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడం, చివరికి 1971లో 26వ సవరణ రావడం, ఇదంతా ఆ ఒక్క సాయంత్రం ఫలితమే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంఖ్యలను మనం చెప్పుకోగలుగుతున్నామంటే, ఆ రోజు ఓట్లు లెక్కపెట్టారు కాబట్టి.

లెక్కపెట్టని రోజులే ఎక్కువ. అక్కడే మా అభ్యంతరం.

సభలో ఓటింగ్ ఎలా జరుగుతుందో ఒకసారి చూద్దాం. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు ప్రతిపాదన చదివి, అనుకూలమైనవారు అవునని, కానివారు కాదని చెప్పమంటారు. ఏ గొంతు గట్టిగా వినిపిస్తే దాని వైపు సభ ఉందని ప్రకటిస్తారు. ఇదే మూజువాణి ఓటు. ఎవరైనా అభ్యంతరం చెప్పి డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరితే లాబీలు ఖాళీ చేయించి, గంట మోగించి, తలుపులు మూస్తారు. సభ్యుడు తన సీటు దగ్గర బటన్ నొక్కాలి. పచ్చది అవును, ఎర్రది కాదు, పసుపు తటస్థం. పేరుతో సహా అది సభా కార్యకలాపాల్లోకి ఎక్కుతుంది. డివిజన్ అనవసరంగా అడిగారని అధ్యక్షుడికి అనిపిస్తే సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కపెట్టించవచ్చు. అప్పుడు సంఖ్య ఉంటుంది, పేర్లు ఉండవు.

2023 ఆగస్టు 7 రాత్రి ఢిల్లీ ప్రభుత్వ అధికారుల నియామకాలు, బదిలీలకు సంబంధించిన ఢిల్లీ సర్వీసుల బిల్లుపై ఓటింగ్ గుర్తుండే ఉంటుంది. యంత్రం మొరాయిస్తే చీటీలు పంచి ఓట్లు తీసుకున్నారు. 90 ఏళ్ల మన్మోహన్ సింగ్ చక్రాల కుర్చీలో వచ్చి, ఆ రాత్రి వేళ వరకూ కూర్చుని ఓటు వేశారు. బిల్లు 131-102తో నెగ్గింది. ఆయన వేసిన ఓటు ఫలితాన్ని మార్చలేదు. మార్చదని ఆయనకూ తెలుసు. అయినా వచ్చారు. కొన్ని నెలల తర్వాత ఆయన పదవీ విరమణ సందర్భంగా ప్రధాని మోదీ కూడా ఆ రాత్రిని ప్రస్తావించి మెచ్చుకున్నారు. ఆ బిల్లుకు వైఎస్సార్‌ కాంగ్రెస్, తెలుగుదేశం మద్దతిచ్చాయి, బీఆర్‌ఎస్ వ్యతిరేకించింది. ఇష్టం ఉన్నా లేకపోయినా ఎవరెటున్నారో మనకు తెలిసింది.

తెలియకుండా పోయిన సందర్భాలు చూడండి. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు రాజ్యసభలో మూజువాణి ఓటుతోనే నెగ్గింది. లోక్‌సభలో అంతకు రెండు రోజుల ముందు జరిగిందీ అదే. కోట్ల మంది జీవితాలను రెండు రాష్ట్రాలుగా విడదీసిన నిర్ణయం మీద, అనుకూలంగా ఎందరు, వ్యతిరేకంగా ఎందరు అనే సంఖ్య చరిత్రలో లేదు. తెలంగాణ బిడ్డలు దశాబ్దాల పోరాటం తర్వాత సాధించుకున్న రాష్ట్రానికి, ఇదిగో ఇంతమంది పేరు పేరునా ఓటు వేసి ఇచ్చారన్న పట్టిక ఉంటే ఎంత గౌరవంగా ఉండేది! వ్యతిరేకించిన సీమాంధ్ర ప్రజలకు కూడా, మా సభ్యుడు చివరిదాకా కాదన్నాడనే రుజువు దక్కేది. రెండు వైపులా అది దక్కలేదు.

2020 సెప్టెంబర్ 20, ఆదివారం. వ్యవసాయ బిల్లులు. ప్రతిపక్షాలు డివిజన్ కోరాయి. సభ్యులు తమ సీట్లలో ఉండి అడగాలని డిప్యూటీ చైర్మన్ హరివంశ్ చెప్పారు. గందరగోళం మధ్య మూజువాణితో ముగించారు. మర్నాడు 8 మంది సభ్యులు సస్పెండ్ అయ్యారు. ఏడాది దాటాక, 2021 నవంబర్ 29న అవే చట్టాలను చర్చ లేకుండా రద్దు చేశారు. తెచ్చినప్పుడూ పేర్లు లేవు, తీసేసినప్పుడూ పేర్లు లేవు. గొడవ చేసినవారిదే తప్పని కొందరంటారు. సభ మధ్యలోకి దూసుకెళ్లడాన్ని మేమూ సమర్థించం. అయితే గొడవ సద్దుమణిగాక ఓట్లు లెక్కపెట్టడానికి ఎవరు అడ్డు?

ఇందులో ఒక విచిత్రం గమనించాలి. రాజ్యాంగ సవరణలకు ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి లెక్క తప్పనిసరి. అందుకే జీఎస్టీ సవరణ 2016లో 203-0, మహిళా రిజర్వేషన్ 2023లో 214-0 అని కచ్చితంగా చెప్పగలం. అందరూ ఒప్పుకున్న చోట పేర్లన్నీ ఉన్నాయి, తగువు ఉన్న చోట లేవు. మహిళా బిల్లుకు లోక్‌సభలో వ్యతిరేకంగా పడ్డవి రెండే ఓట్లు, అందులో ఒకటి మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీది. ఆయన కాదన్నారు, ఎందుకో సభలోనే చెప్పారు. ఏకీభవించేవారు, విభేదించేవారు ఎవరైనా సరే, ఆ ఓటును పట్టుకుని ఆయనతో వాదించగలరు. ప్రజాప్రతినిధి దగ్గర మనం కోరేది ఆ అవకాశమే.

ఇక ప్రత్యేక హోదా. ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామని 2014 ఫిబ్రవరి 20న ప్రధానిగా మన్మోహన్ సింగ్ మాట ఇచ్చింది రాజ్యసభలోనే. పదేళ్లు కావాలని వెంకయ్యనాయుడు పట్టుబట్టిందీ అక్కడే. ఆ హామీ చట్టంలోకి ఎక్కలేదు, నీటి మూటగా మిగిలింది. దాన్ని చట్టంలోకి ఎక్కించాలని కాంగ్రెస్ సభ్యుడు కేవీపీ రామచంద్రరావు ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు) పెట్టారు. చిత్రమేమిటంటే, విభజన తర్వాత ఉన్న సభ్యులను రెండు రాష్ట్రాలకు పంచడానికి లాటరీ తీస్తే ఆయన తెలంగాణ కోటాలోకి వెళ్లారు. తెలంగాణ నాయకుడు కె.కేశవరావు ఆంధ్రప్రదేశ్ కోటాలోకి వచ్చారు. లెక్క ప్రకారం తెలంగాణ సభ్యుడైన మనిషి ఆంధ్ర కోసం బిల్లు తెచ్చారన్నమాట.

ప్రైవేటు మెంబర్ బిల్లులకు శుక్రవారం మధ్యాహ్నాలే సమయం. 2016 జులై 22, శుక్రవారం ఓటింగ్ జరుగుతుందని రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. వేరే గొడవతో సభ వాయిదా పడింది. ఆగస్టు 5, మళ్లీ శుక్రవారం. ఇది ద్రవ్య బిల్లు, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించిన బిల్లు కాబట్టి ఈ సభలో ఓటింగే కుదరదని ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ వాదించారు. ద్రవ్య బిల్లును లోక్‌సభలో మాత్రమే ప్రవేశపెట్టాలి, ఏది ద్రవ్య బిల్లో తేల్చేది స్పీకర్. దాంతో ఆ ప్రశ్న స్పీకర్ దగ్గరికి వెళ్లింది. పచ్చ బటన్, ఎర్ర బటన్ నొక్కే క్షణం రాలేదు. సెప్టెంబర్‌లో ప్రత్యేక ప్యాకేజీ ప్రకటించారు.

ఆ బిల్లు నెగ్గినా చట్టమయ్యేది కాదని అప్పుడు చాలామంది అన్నారు. నిజమే కావచ్చు. 1970 తర్వాత ప్రైవేటు మెంబర్ బిల్లు ఒక్కటీ చట్టం కాలేదు. అయితే 2015 ఏప్రిల్ 24న తమిళనాడు సభ్యుడు తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును ఇదే రాజ్యసభ ఆమోదించేలా చేశారు. అది లోక్‌సభలో నెగ్గకపోయినా, ప్రభుత్వం తానే బిల్లు తెచ్చి 2019లో చట్టం చేసేదాకా ఆ విషయం సద్దుమణగలేదు. హోదా బిల్లు మీద ఆ రోజు ఓటింగ్ జరిగి ఉంటే, ఓడినా సరే, ఏ పార్టీ ఎటు నిలబడిందో ఆంధ్ర ఓటరు దగ్గర కాగితం ఉండేది. ఆ కాగితం లేకనే ఇప్పటికీ ప్రతి ఎన్నికలో ప్రతి పార్టీ, హోదా కోసం పోరాడింది మేమే అని చెప్పుకోగలుగుతోంది. కేవీపీ తర్వాత ప్లకార్డు పట్టుకుని రోజుల తరబడి సభ మధ్యలో నిలబడ్డారు. ఓటు ఇవ్వాల్సిన జవాబును ప్లకార్డు ఇవ్వలేదు.

ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, అంటే విప్, ఉన్నప్పుడు సభ్యుడి సొంత అభిప్రాయం ఎక్కడిదని అడుగుతారు. 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద పార్టీ ఆదేశం ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి ఓటు చూసి మనిషిని అంచనా వేయడం అన్యాయమని ఒక వాదన. మా ఉద్దేశంలో ఇది ఓటు వివరాలు బయటపెట్టడానికి ఇంకా బలమైన కారణం. సభ్యుడిది కాకపోతే పార్టీది, ఎవరిదో ఒకరిది ఆ నిర్ణయం. పైగా మన దగ్గర పార్టీలు కూడా నిలకడగా ఉండవు. 2019 జూన్‌లో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు నలుగురు ఒక్కసారిగా బీజేపీలో చేరారు. 2024లో వైఎస్సార్‌ కాంగ్రెస్ సభ్యులు వరసగా రాజీనామా చేశారు. ఆ డిసెంబర్ ఉప ఎన్నికల్లో బీద మస్తాన్‌రావు తెలుగుదేశం తరఫున, ఆర్.కృష్ణయ్య బీజేపీ తరఫున అదే సభకు తిరిగి వెళ్లారు. అదే రాష్ట్రం, అదే మనిషి, అదే కుర్చీ, విప్ మాత్రం వేరు. పార్టీ మారిన తర్వాత ఏ అంశం మీద ఓటు మారింది అని ఓటరు పోల్చి చూసుకోవాలంటే పాత ఓట్లు, కొత్త ఓట్లు పక్కపక్కన ఉండాలి కదా.

హాజరు శాతం ఈ పని చేయలేదు. సంతకం పెట్టి పావుగంటలో వెళ్లిపోయినా హాజరే. మంత్రులు ఆ రిజిస్టర్‌లో సంతకమే పెట్టరు. సచిన్ టెండూల్కర్ నామినేటెడ్ సభ్యుడిగా ఉన్న 2012-18 మధ్య సభకు చాలా తక్కువగా వచ్చారు. ఆ విమర్శ న్యాయమైనదే. అయితే అదే సచిన్ నెల్లూరు జిల్లాలో పుట్టంరాజువారి కండ్రిగను దత్తత తీసుకుని ఎంపీ నిధులు ఖర్చు పెట్టించారు. ఆ ఊరివాళ్లను హాజరు గురించి అడిగితే ఏమంటారు? మరోవైపు 1952లో ఇదే సభలో అడుగుపెట్టిన పుచ్చలపల్లి సుందరయ్య సైకిల్ తొక్కుకుంటూ పార్లమెంటుకు వెళ్లేవారని ఇప్పటికీ చెప్పుకుంటాం. సైకిల్ గుర్తుంది. ఆయన సభలో దేనిమీద ఏమన్నారో, ఎటు ఓటేశారో మనలో ఎందరికి తెలుసు?

ఇది అసాధ్యమైన కోరిక కాదు. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ అమెరికాలో వర్జీనియా సెనేట్‌కు 2019లో ఎన్నికయ్యారు. అక్కడి ఎగువసభలో ఆమె వేసిన ఓటును ఏ ఓటరైనా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఇది మామూలు విషయం. వాళ్ల అమ్మానాన్నలకు కడపలోనో కరీంనగర్‌లోనో ఆ సదుపాయం ఎందుకు ఉండకూడదు?

ప్రతి బిల్లుకూ డివిజన్ పెడితే సభకు సమయం చాలదన్న మాటలో పస లేదు. బటన్ నొక్కడానికి పట్టేది సెకన్లు. గొడవల వల్ల పోయే గంటలతో పోలిస్తే అదెంత? నియమాలు మార్చేదాకా ఆగనక్కర్లేదు కూడా. ముఖ్యమైన ప్రతి బిల్లు మీదా తమ సీట్లో నిలబడి డివిజన్ అడిగే హక్కు ఈ 18 మందిలో ప్రతి ఒక్కరికీ ఉంది. అడిగినా ఇవ్వకపోతే, అడిగానన్న సంగతైనా సభా కార్యకలాపాల్లో ఉంటుంది. పార్టీలు విప్ జారీ చేసిన రోజే దాని ప్రతిని విజయవాడలో, హైదరాబాద్‌లో విలేకరులకు ఇవ్వవచ్చు. గైర్హాజరైన సభ్యుడు ఆ సాయంత్రమే రెండు వాక్యాల్లో కారణం చెప్పవచ్చు. వచ్చే పార్లమెంటు సమావేశాల మొదటి బిల్లు నుంచే రెండు రాష్ట్రాల సభ్యులూ ఇది మొదలుపెట్టాలని మేము కోరుతున్నాం. మొదట ఎవరు నిలబడి డివిజన్ అడుగుతారో వారి పేరు ఈ పత్రిక మొదటి పేజీలో వేస్తుంది, వారు ఏ పార్టీవారైనా సరే.