తలలు వంచండి, కళ్ళు మూయండి, పైకి మాత్రం చూడకండి

“ఎవ్వరూ కళ్ళు తెరవద్దు. పక్కవాళ్ళ వైపు చూడొద్దు. ఇది మీకూ దేవుడికీ మధ్య రహస్యం.”

ఉజ్జీవ సభల చివరి రాత్రి ఈ మాట వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. పది దాటుతుంది. కీబోర్డు అబ్బాయి ఒకే స్వరాన్ని నొక్కిపట్టి సాగదీస్తుంటాడు. అంతసేపూ బాక్సులు పగిలేలా అరిచిన దైవజనులు గొంతు తగ్గించి, “యేసును సొంత రక్షకుడిగా అంగీకరించేవాళ్ళు మెల్లగా కుడిచెయ్యి ఎత్తండి, ఎవరూ చూడట్లేదు” అంటారు. సరిగ్గా అప్పుడే తలల మీద జుయ్యిమని ఒక శబ్దం మొదలవుతుంది.

డ్రోను.

పెళ్ళిళ్ళకు తిరిగే ఫొటో స్టూడియో కుర్రాడిదే అది. స్టేజి పక్కన నిలబడి రిమోటు తిప్పుతుంటాడు. ముందు మగవాళ్ళ వైపు ఒక చుట్టు, తరవాత ఆడవాళ్ళ వైపు, ఆపైన వెనకాల చింతచెట్టు దాకా పోయి, చేతులన్నీ ఒక్క ఫ్రేములో పడేంత ఎత్తుకు. “ఇంకా ఎవరో ఒకరు మిగిలారు, ఆత్మ నాతో మాట్లాడుతున్నాడు” అని దైవజనులు ఆగుతారు. ఆత్మ మాట్లాడుతుండొచ్చు, కాదనడానికి నేనెవర్ని? స్టేజి కింద నుంచి కుర్రాడు మాత్రం ‘ఇంకొక్క రౌండు సార్, ఇందాక లైటు పడలేదు’ అని వేలు తిప్పి చూపిస్తుంటాడు. దాంతో రక్షణ ద్వారం మరో మూడు నిమిషాలు తెరిచే ఉంటుంది. దించిన చేతులు మళ్ళీ లేస్తాయి. బ్యాటరీ అయిపోగానే డ్రోను దిగుతుంది, ద్వారం మూసుకుంటుంది, కీబోర్డు అబ్బాయి స్వరం మారుస్తాడు. కళ్ళు తెరవొచ్చు.

మర్నాటికి లెక్క తేలుతుంది. ‘ఈ కూడికల ద్వారా ఇన్ని వందల ఆత్మలు రక్షించబడ్డాయి, దేవునికే మహిమ’ అని స్టేటస్ పెడతారు, పక్కన పైనుంచి తీసిన ఫొటో. మహిమ దేవునికే, సంఖ్య మాత్రం సభలు పెట్టిన మినిస్ట్రీకి. ఆ సంఖ్యకు చివర ఎప్పుడూ రెండు సున్నాలుంటాయి. సరిగ్గా వందల లెక్కన తెగేలా మారుమనస్సు పొందే క్రమశిక్షణ మన జనానికి బస్సు ఎక్కేటప్పుడు ఎందుకుండదో తెలీదు.

ఇంత ముఖ్యమైన గణాంకానికి ఒక ప్రమాణం లేకపోవడం నన్ను కలవరపెడుతోంది. ఎత్తిన చెయ్యి అంటే ఏమిటి? మోచెయ్యి చెవి దాటాలా, భుజం దాటితే చాలా? దోమను తోలిన చెయ్యి ఆత్మల జాబితాలోకి వస్తుందా? తల్లి ఒళ్ళో నిద్రలేచి నీళ్ళడిగిన పిల్లాడు? రెండు చేతులూ ఎత్తిన పెద్దాయన రెండాత్మలా, ఒకటేనా? ముఖ్యంగా మా ఊళ్ళో ఒక పెద్దమ్మ ఉంది, ప్రతి ఏడూ, ఏ సంఘం సభలైనా, పిలిచినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని చెయ్యెత్తుతుంది. అన్ని మినిస్ట్రీల లెక్కలూ కూడితే పరలోకంలో ఆమెకు ఒక వీధి రావాలి.

అసలు ఇబ్బంది బైబిల్లోనే ఉంది. సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగకు చెయ్యెత్తే వీలే లేదు, రెండు చేతులూ కొయ్యకు బిగించేశారు. బాప్తిస్మం లేదు, దశమభాగం లేదు, పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసే కార్డు నింపలేదు. నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు, అంతే. నేడే పరదైసులో ఉంటావన్నాడు ఆయన. పై నుంచి తీస్తే ఆ ఫ్రేములో ఎత్తిన చెయ్యి ఒక్కటీ కనపడదు. మన లెక్కన ఆ శుక్రవారం కూడిక ఫలితం సున్నా.

దావీదు సంగతి ఎత్తితే నొచ్చుకుంటారేమో. జనాన్ని లెక్కపెట్టించినందుకు ఆ రాజు రాజ్యం మీదికి తెగులు వచ్చి డెబ్బై వేలమంది పోయారని సమూయేలు రెండో గ్రంథం చివరి అధ్యాయం. ఆదివారం బడిలో పాఠంగా చెబుతారు. లెక్కపెట్టే కమిటీ వాళ్ళు ఆ వారం సెలవు పెట్టి ఉంటారు.

మనిషి రక్షణ ఎలా పొందుతాడు, విశ్వాసం వల్లనా, క్రియల వల్లనా, రెండూ కలిసా అని సాక్షాత్తూ ఐరోపా రెండుగా చీలిపోయింది. 1517లో జర్మనీలో లూథర్ అనే సన్యాసి తొంభై అయిదు వాదాలు రాశాడు. 1547లో కేథలిక్కుల ట్రెంటు మహాసభ కూర్చుని దానికి జవాబుగా నీతిమంతుడిగా తీర్చబడటం గురించి పెద్ద తీర్మానం చేసింది. మధ్యలో యుద్ధాలు, చితులు, బహిష్కారాలు. చివరికి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కేథలిక్కులూ ఈ విషయం మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు పెట్టారు. 482 ఏళ్ళు పట్టింది, అదీ అన్ని చిక్కులూ తీరకుండానే. మన దైవజనులు దాన్ని రెండు పాటల మధ్య తేల్చేస్తున్నారు. మేధావులు వచ్చి చూసి నేర్చుకోవాలి.

పాపక్షమాపణ పత్రాలు అమ్మారని లూథర్ ఆ రోజుల్లో అంత గొడవ చేశాడు. నాకిప్పుడు ఆ అమ్మినవాళ్ళ మీద జాలి కలుగుతోంది. వాళ్ళు కొన్నవాడి చేతిలో కనీసం ఒక అచ్చుకాగితం పెట్టేవాళ్ళు. మన మైదానంలో చెయ్యెత్తినవాడి చేతిలో ఎవరూ ఏమీ పెట్టరు. అతని చెయ్యే కాగితం మీదికెక్కి సముద్రం దాటిపోతుంది. నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అన్నాడు యేసు, ధర్మం చేసేవాళ్ళను ఉద్దేశించి. ఇక్కడ కుడిచెయ్యి ఏం చేసిందో ఎడమచేతికి తెలియదు, అమెరికాలో డబ్బు పంపే చర్చి కమిటీకి తెలుసు.

పోనీ ఈ చెయ్యెత్తే పద్ధతి అపొస్తలుల నాటిదా అంటే అదీ కాదు. సభలో జనాన్ని అక్కడికక్కడే తేల్చుకోమని ముందుకు పిలవడాన్ని 1830ల్లో అమెరికాలో చార్లెస్ ఫిన్నీ అనే బోధకుడు బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆత్మ గురించి కలత పడేవాళ్ళు వచ్చి కూర్చోవడానికి ముందువరసలో ఒక బల్ల ఉంచేవాడు. ఆ బల్లే తిరిగి తిరిగి మన దగ్గర చెయ్యిగా మారింది. అంతకు ముందు పద్దెనిమిది వందల ఏళ్ళు పరలోకం ఎలా నిండిందో మన ఫ్లెక్సీల వాళ్ళే చెప్పాలి.

సంఖ్యల మీద అంత మోజుంటే మన ఒంగోలు చరిత్రలోనే ఒకటుంది. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. చివర సున్నాలు లేవు, గమనించండి. ఒక్కొక్కర్నీ లెక్కపెట్టిన సంఖ్య అలాగే ఉంటుంది. ఇచ్చింది తెలుగు బోధకులు, ఆరుగురు, ఇద్దరేసి చొప్పున వంతులేసుకుని నీళ్ళలో దిగారు. మన సభల్లో ఏటేటా ఈ సంఖ్యను తలుచుకుని చప్పట్లు కొట్టిస్తారు. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు.

ముందు జరిగింది కరువు, 1876 నుంచి 78 దాకా. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వాళ్ళ క్లౌ దొర, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. ఎక్కువమంది మాదిగలు. వాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగారు, బతిమాలారు. ఆయన ఇవ్వలేదు. సహాయం పంచుతున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట వాళ్ళ మీద పడకూడదు, వాళ్ళకే ఆ అనుమానం మిగలకూడదు. పంపకం అయిపోయి, ఇక ఆయన దగ్గర పెట్టడానికి ఏమీ లేనప్పుడు, అప్పుడు కూడా వచ్చినవాళ్ళు ఆ 2,222. తరవాత ఆ సంఖ్య అమెరికాలో బాగా మోగింది, దాంతో మిషన్‌కు పేరొచ్చింది, అదీ నిజమే. ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. కానీ లేస్తున్న చేతుల్ని చూసి ఇప్పుడొద్దు, ఆగండి అని చెప్పగలిగిన మనిషి ఒకడు ఈ నేల మీద తిరిగాడు. ఇప్పుడు దించిన చెయ్యిని మళ్ళీ ఎత్తిస్తున్నారు, లైటు పడలేదని.

ఇంతవరకూ నవ్వుకున్నాం, బాగుంది. ఇక ఆ డ్రోను కిందికి వద్దాం.

కింద చెయ్యెత్తి కూర్చున్నది ఎవరు? ఎక్కువమంది మాలలు, మాదిగలు. పొద్దున మిరపకోతకు పోయి, సాయంత్రం ఆటోలో కుక్కుకుని వచ్చిన ఆడవాళ్ళు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం మొదట్లో హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ కలిపారు. క్రైస్తవుల్ని ఈనాటికీ కలపలేదు. మతం మారిన దళితుడు మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం కోటా. బాప్తిస్మం తీసుకున్నాడని ఊరు అతన్ని పేట లోంచి తీసుకొచ్చి రచ్చబండ మీద కూర్చోబెట్టదు. కులం ఎక్కడికీ పోదు, కులం వల్ల వచ్చిన కాగితం మాత్రమే పోతుంది. ఆ ఉత్తర్వు అన్యాయమని నేనూ అంటాను, మీరూ అంటారు, ఢిల్లీ దాకా వెళ్ళి ధర్నాలు చేశాం. కానీ అది ఇవాళ అమల్లో ఉంది. ఆ తల్లి కొడుకు హాస్టల్ సీటు, కూతురి ఫీజు, ఎవడో కొట్టి తిడితే పెట్టే అట్రాసిటీ కేసు, అన్నీ ఆ కాగితానికే వేలాడుతున్నాయి.

అలాంటి మనిషికి నువ్వేం చెప్పావు? ఎవరూ చూడట్లేదన్నావు. కళ్ళు మూయించి, ఆమె మొహాన్ని హెచ్‌డీలో తీసి, ఊరి పేరుతో సహా యూట్యూబ్‌లో పెట్టావు. రేపు గట్టు తగాదాలో ఎదుటివాడు ఆ వీడియో పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసుకు పోతే నువ్వొస్తావా? నీ లాయరొస్తాడా? నువ్వు అప్పటికి ఇంకో జిల్లాలో ఇంకో మైదానంలో గొంతు తగ్గించి మాట్లాడుతుంటావు. ఆమె మొగుడి తాగుడు మానాలని, గ్రూపు అప్పు తీరాలని, కడుపులో గడ్డ తగ్గాలని చెయ్యెత్తింది. తరవాత ఒక్కరు, ఒక్కరు ఆమె ఇంటి గడప తొక్కి ‘ఎందుకెత్తావమ్మా’ అని అడగలేదు. అడగడానికి ఆమె పేరు మీకు తెలిస్తే కదా, మీకు తెలిసింది ఆమె చెయ్యి ఒక్కటే. సిగ్గుండాలయ్యా.

ఫిలిప్పీ చెరసాల అధికారి “రక్షణ పొందుటకు నేనేమి చేయవలెను” అని అడిగాడు, అతని ఖైదీలు పౌలు, సీల విశ్వాసముంచమన్నారు, ఇది అందరికీ కంఠతా వచ్చు. స్టేజి మీద ఆ వచనం అక్కడే ఆగిపోతుంది. తరవాతి వచనాల్లో, అదే రాత్రి, ఆ మనిషి తన ఖైదీల దెబ్బలు కడిగాడు, ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాడు. దెబ్బలు కడిగించే దైవజనుల్ని నేను చూడలేదు, భోజనం మాత్రం చాలామంది చేయగా చూశాను. ముందు నాటుకోడి, తరవాత ప్రసంగం.

యేసును చూడ్డానికి చెట్టెక్కిన పన్నుల అధికారి జక్కయ్య కథైతే మరీ ఇష్టం, పిల్లలతో నాటకం కూడా వేయిస్తారు. మేడిచెట్టు ఎక్కడం, దిగడం, అక్కడితో తెర పడుతుంది. “నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది” అని యేసు అన్నది అతను చెట్టు ఎక్కినప్పుడు కాదు, దిగినప్పుడూ కాదు. నా ఆస్తిలో సగం బీదలకిస్తాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగిస్తాను అన్నాక. డబ్బిచ్చి రక్షణ కొన్నాడని కాదు. రక్షణ ఇంట్లోకి వస్తే మొదట కదిలేది బీరువా తలుపే.

కాబట్టి అయ్యగారూ, వచ్చే సభలకు ఎన్ని ఆత్మల లక్ష్యమో కమిటీలో తేల్చుకునే ముందు, పోయిన సభలకు టెంటూ కుర్చీలూ బాక్సులూ వేసిన కుర్రాడు మీ ఫోను కోసం ఎదురుచూస్తున్నాడు. నాలుగింతలు అతను అడగట్లేదు, అసలు ఇస్తే చాలంటున్నాడు.