పానా లేనివాడి పాండిత్యం

ఏ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్ తీసుకున్నా, పని రసపట్టులో పడే చోట ఒక వాక్యం ఉంటుంది: 'దీనికి ప్రత్యేక పనిముట్టు వాడండి.' పక్కనే పది అంకెల నంబరు. నా దగ్గర రెండు రింగ్ పానాలు, ఒక సుత్తి, కొస అరిగిన స్క్రూడ్రైవర్ మాత్రమే ఉన్న సంగతి తెలిసి, కావాలనే అలా రాశారని నా అనుమానం. అందుకే ఆ వాక్యం కనబడగానే పుస్తకం మూసేస్తాను. ఆత్మగౌరవం ఉన్నవాడెవడైనా అదే చేస్తాడు.

చేతికి దొరికినదాంతో పని కానిచ్చే మా సంప్రదాయం చిన్నదేమీ కాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, భర్తకు చెప్పకుండా, ఆయన తయారుచేసిన కారులో మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. మధ్యలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. ఇగ్నిషన్ తీగ దెబ్బతింటే మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. ఆవిడ మా కులదేవత. ఒక్క విషయంలోనే మాకూ ఆవిడకూ తేడా. ఆవిడ పిన్ను తీసి, పొడిచి, ముందుకు సాగిపోయింది. మేమైతే ముందు టోపీ కుట్టడం మొదలుపెట్టేవాళ్లం.

రైట్ సోదరుల సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలర్ కూడా మావాడే. 1903లో ఎగిరిన విమానానికి ఇంజిన్ చేసిపెట్టింది ఆయనే. ఆరు వారాల్లో దాన్ని పరీక్షకు నిలబెట్టాడు. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్టు, కోసం ఉక్కు దిమ్మె మీద ఆకారం గీసి, గీత వెంట వరసగా రంధ్రాలు వేసి, అక్కర్లేని లోహాన్ని సుత్తీ ఉలీ పెట్టి రాలగొట్టాడు. మావాళ్లు ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత దాన్ని లేత్ మీద పెట్టి కొలతకు తెచ్చాడన్న సంగతి ఎవరూ ఎత్తరు. లేత్ వచ్చిందంటే కథలో పస పోతుంది.

న్యాయంగా మాట్లాడుకోవాలంటే, పస ఉన్న చిట్కాలూ లేకపోలేదు. పాత పిస్టన్ రింగును విరిచి, ఆ ముక్కతో పిస్టన్ గాడిలోని మసి గోకి చూడండి. గాడి వెడల్పుకు సరిపోయేలా పుట్టిన వస్తువే కదా, అంతకన్నా మంచి పనిముట్టు దొరకదు. ఫ్లైవీల్ నట్టు విప్పాలంటే స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి తాడు కూరి, పిస్టన్‌ను చేత్తో పైకి తెస్తే చాలు. తాడు నలిగి పిస్టన్ అక్కడే ఆగిపోతుంది, నట్టుతోపాటు ఫ్లైవీల్ చక్రం తిరగదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అయితే రెండు వాల్వులూ మూసుకుని ఉండే కంప్రెషన్ స్ట్రోక్‌లోనే ఈ పని చేయాలి. టూ స్ట్రోక్ అయితే పిస్టన్ పైకొచ్చి సిలిండర్ గోడలోని కన్నాలను, అంటే పోర్టులను, మూసేశాకే తాడు దూర్చాలి. ముందే తోస్తే తాడు పోర్టులోకి జారుతుంది, పైకొచ్చే పిస్టన్ దాన్ని కత్తెరలా కోసేస్తుంది. తాడు రెండో కొస బయటే ఉండాలని వేరే చెప్పాలా? చెప్పాలి. తాడూ బొంగరం రెండూ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇక కొలతల శాస్త్రం. గడ్డం గీసుకునే రెండంచుల బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. చిన్న ఇంజిన్లలో ట్యాపెట్ సందు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వదలాల్సిన ఖాళీ, చాలాసార్లు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. హాక్సా బ్లేడు సుమారు 0.6, స్పార్క్ ప్లగ్ కొనల మధ్య గ్యాప్ చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. కాకపోతే దాని పళ్లు అటూ ఇటూ వంచి ఉంటాయి కాబట్టి వాటిని ఆకురాయితో నున్నగా తీసేయాలి. నేను తీసేశాను. ఉన్నది ఒక్కటే బ్లేడు.

ఈ నేపథ్యంలో ఒక ఆదివారం ఉదయం నా బైకు క్లచ్ విప్పాను. మధ్యలో ఉన్న నట్టు తిప్పితే, దాని కిందున్న క్లచ్ నడిమి చక్రం, అదే హబ్బు, కూడా దాంతోపాటే తిరుగుతోంది. హబ్బును కదలకుండా పట్టుకోవాలి. మాన్యువల్ తెరిస్తే మళ్లీ అదే వాక్యం, మళ్లీ పది అంకెలు. మూసేశాను. మిత్రుడొకడు ఫోన్‌లో, "ఒరేయ్, క్లచ్ హోల్డరు నా దగ్గరుంది, వచ్చి పట్టుకెళ్లరా" అన్నాడు. అరువు తెచ్చుకున్న విజయం విజయమేనా?

పాత క్లచ్‌లోని స్టీలు ప్లేటు తీసుకున్నాను. దాని లోపలి పళ్లు హబ్బు గాళ్లలో చక్కగా కూర్చుంటాయి. దానికి ఇనప పట్టీని పిడిగా బిగిస్తే హోల్డరు సిద్ధం. పట్టీ కోయడానికి హాక్సా తీశాను. బ్లేడుకు పళ్లు లేవు. కంగారు పడలేదు, చార్లీ టేలర్‌ను తలుచుకున్నాను. పట్టీకి అడ్డంగా వరసగా పదకొండు రంధ్రాలు వేసి, ఉలితో విరగ్గొట్టాను. రంధ్రాలు వేసేటప్పుడు పట్టీని పట్టుకోవడానికి వైసు లేదు కనుక, అంతకుముందే రెండు చెక్కలూ నాలుగు బోల్టులతో వైసు చేశాను. సాయంత్రం నాలుగయ్యేసరికి హోల్డరు తయారైంది. మధ్యాహ్నం భోజనం సంగతి ఎవరికీ గుర్తులేదు, ఇంట్లోవాళ్లకు తప్ప.

హోల్డరు హబ్బులో కూర్చుంది. పానా వేశాను. నట్టు కదల్లేదు. పానాకు మీటరు పొడవు గొట్టం తొడిగి మీద వాలాను. ఆ చివర ముప్ఫై కిలోల బరువు పెడితే ఇటువైపు దాదాపు 300 న్యూటన్ మీటర్ల మెలితిప్పే బలం పడుతుంది. ఆ నట్టుకు ఉండాల్సిన బిగువు 50. ఇంజిన్ మీద మనిషికి ఇంత పట్టు ఇచ్చిన ఇనప గొట్టానికి ఎక్కడా విగ్రహం లేకపోవడం అన్యాయం.

టక్కున చప్పుడైంది. నట్టు వచ్చేసింది. దాంతోపాటు షాఫ్టు చివర కూడా వచ్చేసింది. రెండూ కలిసి పానాలో మెరుస్తున్నాయి. నా హోల్డరు మాత్రం వెంట్రుకవాసి వంగలేదు.

రాత్రి మాన్యువల్ మళ్లీ తెరిచాను, షాఫ్టు పార్టు నంబరు కోసం. 'దీనికి ప్రత్యేక పనిముట్టు వాడండి' అన్న వాక్యం కిందే, నేను ఎప్పుడూ చదవని లైను ఒకటుంది: 'ఈ నట్టుకు ఎడమ మర. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి విప్పండి.'

అంటే పొద్దుట్నుంచీ నేను దాన్ని బిగిస్తున్నాను.

హోల్డరును కిరసనాయిలుతో శుభ్రంగా తుడిచి, గోడకు మేకు కొట్టి తగిలించాను. సన్నటి బ్రష్షు తీసుకుని, తెల్ల పెయింటుతో, దాని పిడి మీద పది అంకెల నంబరు వేశాను.