పన్నెండంగుళాల అల్లుడుగారికి విజ్ఞాపన

మహారాజశ్రీ ఎల్పీ (లాంగ్ ప్లే) గ్రామఫోన్ రికార్డు గారికి,

హైదరాబాదు నుంచి మీ అత్తవారింటి వాళ్ళం నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మాత్రం రెండో పక్క మూడో పాటలో "టక్... టక్..." మంటున్నారని తెలిసి ఈ ఉత్తరం. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే మీ ఒంటి మీద అడ్డంగా ఒక్క గీత పడితే ఆ చప్పుడు 1.8 సెకన్లకోసారి రావాలి. వస్తోంది కూడా. లెక్కలో మీరు పక్కా. అలా కాకుండా పోపులో ఆవాల్లా ఎప్పుడు పడితే అప్పుడు చిటపటలాడితే అది గీత కాదు, మురికి. చాలావరకు కడిగితే పోతుంది. ఈ తేడా తెలియని వాళ్ళే "ఆ చిటపటలోనే ఉందండీ మజా" అని కళ్ళు మూసుకుంటున్నారు. నెల్లాళ్ళు స్నానం చేయని అల్లుణ్ణి కౌగిలించుకుని "ఏం సుగంధం!" అన్నట్టు.

జామాతా దశమగ్రహః, అల్లుడు పదో గ్రహం అన్నారు. 1948లో కొలంబియా వారింట పుట్టారు మీరు. అప్పటిదాకా రాజ్యమేలిన 78 చుట్ల లక్కప్లేటు మూడు నాలుగు నిమిషాలు పాడి ఊరుకునేది. మీరు ఒక్కో పక్క ఇరవై నిమిషాలు దాటి పాడి, ఆపైన వచ్చి తిరగెయ్యమంటారు. పక్కకొక గాడి. దాన్ని విప్పి పరిస్తే దాదాపు అర కిలోమీటరు. అంత దూరం వెంట్రుక మందం సందులో ముల్లుని నడిపించేవాళ్ళకి మర్యాదలు ఎక్కువే కావాలి, కాదనం.

క్యాసెట్లు రాగానే మిమ్మల్ని అటకెక్కించాం. నిజంగానే అటకెక్కించాం, స్లాబు కింద, మే నెల ఎండలో, ఒకరి మీద ఒకర్ని పడుకోబెట్టి, పైన ఇత్తడి గంగాళం బోర్లించి. మీ పీవీసీ ఒళ్ళు అరవై డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. వేడి అంతకు రాకపోయినా బరువు కింద ఏళ్ళ తరబడి పడుంటే వంగుతుంది. దించి చూస్తే అప్పడాలు. దాన్ని రెండు అద్దాల మధ్య పెట్టి ఎండలో ఉంచితే సాపు అవుతుందని ఒక చిట్కా తిరుగుతోంది. సాపు అవుతుంది, గాడితో సహా. అంచు కొంచెం లేచిన ప్లేటుని ముల్లు ఎక్కి దిగుతూనే పాడించేస్తుంది, అలా వదిలేయడం మేలు.

ఇప్పుడు మళ్ళీ వచ్చారు, వేలల్లో ధరతో, 180 గ్రాముల ఒంటితో. బరువు పెరిగిందని గొంతు పెరగదు. చాలా కొత్త ప్లేట్లు డిజిటల్ ఫైలు నుంచే గాడి కోస్తున్నారన్నది కొనేవాళ్ళకీ తెలుసు, అమ్మేవాళ్ళకీ తెలుసు. "అనలాగ్ వెచ్చదనం" అన్న మాట దగ్గర ఇద్దరూ మొహమాటపడి ఊరుకుంటారు.

పాతవాళ్ళు కావాలంటే ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్, ఎర్రగడ్డ సంత, లేకపోతే గురువారం జుమ్మేరాత్ బజార్. ఎండెక్కకముందే వెళ్ళాలి, నల్లటి ప్లేటు టార్పాలిన్ మీద గంటసేపు పడుంటే ఏమవుతుందో పైన చెప్పాం. "పాత మాల్ సార్, ఇప్పుడు దొర్కుతదా? ఫోన్ల జూస్కోండ్రి" అంటాడు అమ్మేవాడు. ఫోను తీయాల్సిందే, ధర చూడ్డానికి కాదు, టార్చి వేయడానికి. ప్లేటుని కంటి ఎత్తుకి అడ్డంగా పట్టుకుని అంచు చూస్తే వంకర తెలుస్తుంది. వాలుగా పట్టుకుని టార్చి కొడితే మిగతా జాతకమంతా బయటపడుతుంది. గోరుకి తగలని వెంట్రుక గీతలు చాలావరకు వినపడవు. గోరుకి తగిలిందంటే అది పాడుతుంది. లేబులు మీద, బెజ్జం చుట్టూ సన్నటి మెరుపు గీతలు ఎన్ని ఉంటే, కళ్ళు కనపడని చేతులు అన్నిసార్లు బెజ్జం వెతుక్కున్నాయని అర్థం.

ముఖ్యంగా రంగు. గాడి నల్లగా నిగనిగలాడాలి. బూడిదరంగు తిరిగిందంటే బరువు ముల్లు దున్నేసిందన్నమాట. అట్ట మీద షాపు స్టాంపు, పాటల పక్కన పెన్నుతో టిక్కులు ఉన్నాయా, అది క్యాసెట్లు నింపిచ్చే రికార్డింగ్ షాపు సరుకు అయ్యుండొచ్చు. జనం తెల్లకాగితం మీద పాటల జాబితా రాసిస్తే, అరవై నిమిషాల క్యాసెట్లోకి అటు ముప్పై ఇటు ముప్పై ఎక్కించిచ్చిన షాపులవి. అలాంటి ప్లేటులో హిట్టు పాట మేరకు ఒక బూడిద పట్టీ కనపడుతుంది, అడగని పాటలు మాత్రం కొత్తపెళ్ళికూతుళ్ళలా మెరుస్తుంటాయి. ఆ ఏడాది జనం ఏ పాట అడిగారో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన రుజువు లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, ఘంటసాల గారి భగవద్గీత ఎక్కడైనా దొరుకుతాయి, బేరమాడాలి; కానీ రోజూ పొద్దున్నే మోగిన ప్లేట్లు కాబట్టి రంగు రెండుసార్లు చూడాలి. అట్టలో ఉన్నది అట్ట మీద ఉన్న ప్లేటేనా అన్నది డబ్బివ్వకముందు చూడాలి.

అన్నట్టు, చెప్పిందే చెప్పేవాణ్ణి "అరిగిపోయిన రికార్డు" అనడం మీకు మేం చేసిన అన్యాయం. ఉత్త అరుగుడు ప్లేటు గరగరమంటూ ముందుకే పోతుంది. ఒకే ముక్క పట్టుకు వేలాడేది గీతపడి గాడి తెగినది. మన బంధువుల్లో రెండు రకాలూ ఉన్నారు.

వచ్చాక మీ స్నానం. బోరునీళ్ళు పనికిరావు, ఆరాక ఉప్పు గాడిలోనే కూర్చుంటుంది. ఇన్వర్టర్‌కి పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, 800 మిల్లీలీటర్లకి 200 ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. రెండంటే రెండే. నురగ వస్తే ఎక్కువైనట్టు, అది ఆరి కొత్త చిటపట అవుతుంది. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. లేబులు తడవకూడదు. మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో ఒక చుట్టు, ఆపైన గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టాలి, ఫ్యాను ఆపేసి. ఫ్యాను వేస్తే కడిగిన దుమ్ము కడిగినట్టే తిరిగొస్తుంది. ఆరాక పాత కాగితం కవరులోకి తొయ్యొద్దు, వానాకాలం బూజు అందులోనే కాపురముంటుంది.

ఆసనం సంగతి. మేస్త్రీ దగ్గరుండే రసమట్టం తెచ్చి ప్లేయర్ మట్టం చూడాలి. టోన్‌ఆర్మ్ (ముల్లుని మోసే చెయ్యి) వెనకున్న బరువు తిప్పుతూ, యాంటీ స్కేటింగ్ (చెయ్యి లోపలికి జారకుండా పట్టే మీట) సున్నాలో పెట్టి, ఆ చెయ్యి గాలిలో త్రాసులా నిలిచేదాకా సర్దాలి. అక్కడ డయల్ సున్నా చేసి, కంపెనీ చెప్పిన బరువుకి తిప్పాలి. ముల్లుని పట్టుకునే ఇప్పటి మామూలు కార్ట్రిడ్జ్‌లకి రెండు గ్రాములు అటూ ఇటూ. "పాపం, తక్కువ బరువైతే మీకు సుఖం" అని ఒక గ్రాముకి దించేవాళ్ళున్నారు. ముల్లు గాడిలో గెంతి గోడలు పగలగొడుతుంది. ముద్దులొలికే సూట్‌కేసు ప్లేయర్లలో ఐదారు గ్రాములు పడుతుంది, తగ్గించుకునే ఏర్పాటే ఉండదు. ఎగురుతోందని పూర్వం ముల్లు తల మీద పావలా పెట్టేవారు. అది రెండున్నర గ్రాములు. 2011లో పావలా చెల్లకుండా పోయింది గాని కొన్ని ఇళ్ళలో ఆ ఉద్యోగంలో ఇంకా చెల్లుతోంది. పాతసామాన్ల దుకాణాల్లో ఇత్తడి బాకా, కొత్త పాలిషు, కుక్కబొమ్మ రేకుతో "నిజాం కాలం" గ్రామఫోన్ పెట్టెలు కనపడతాయి. ఆ సౌండ్‌బాక్స్, ఉక్కు సూది కలిపి వంద గ్రాములకి పైనే తూగుతాయి. దాని మీద మిమ్మల్ని ఒక్కసారి మోగిస్తే అదే ఆఖరిసారి.

అమెరికా అబ్బాయి ప్రేమగా పంపే పాత బెల్టు ప్లేయర్‌ది వేరే కథ. 110 వోల్టులది కదా అని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ తెస్తారు. పొగ రాదు, తిరుగుతుంది, అందరికీ ఆనందం. పాటే ఎందుకో నీరసంగా ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు దించుతుంది గాని మన 50 హెర్ట్జ్‌ని వాళ్ళ 60 చెయ్యలేదు. కరెంటు హెర్ట్జ్‌ని బట్టే తిరిగే ఏసీ సింక్రనస్ మోటారు ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరిగి 33⅓ కాస్తా 27.8 అవుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది, గాయని పి. లీల గారి పాట ఎవరో మగాయన పాడినట్టుంటుంది. అనుమానముంటే లేబులు అంచున చిన్న కాగితం ముక్క పెట్టి మూడు నిమిషాలు లెక్కపెట్టండి. వంద చుట్లు రావాలి. ఎనభైమూడొస్తే సంగతి ఇదే. మోటారుకి ఐదో వంతు ఎక్కువ లావున్న 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే వేయించాలి. దొరక్కపోతే అది అలంకారం. డీసీ మోటారుదైతే ఈ బాధ లేదు, అడాప్టర్ 240 తట్టుకుంటే చాలు.

ఇన్ని చేశాక కూడా, ప్రతి పక్కా ఆఖరి పాట దగ్గర మీ శషసలు ఉమ్మిపడతాయి. అది మా తప్పు కాదండీ. బయటి అంచున సెకనుకి యాభై సెంటీమీటర్లు నడిచే గాడి లేబులు దగ్గరికొచ్చేసరికి ఇరవై ఒకటికి దిగుతుంది. అదే పాటని సగం కంటే తక్కువ జాగాలో కుక్కారు. పుట్టుకతో వచ్చిన ఆ లోపానికి కూడా మీరు మా కార్ట్రిడ్జ్‌నే నిందిస్తారు, మేం ఇంకో ఎనిమిది వేలు పెట్టి కొత్తది తెస్తాం.

కాబట్టి విన్నవించేది: ఇకనైనా జూబ్లీహిల్స్ కాఫీ హోటళ్ళ గోడలకి మేకులతో వేలాడడం మానండి. మా ఇంట్లో 2018లో హైటెక్ సిటీలో తెరిచిన ఐకియా నుంచి తెచ్చిన చదరపు అరలు సిద్ధంగా ఉన్నాయి, లోపల 33 సెంటీమీటర్లు, మీకు కొలిచినట్టు. నిలువుగా నిలబడండి, పక్కవాళ్ళ మీద వాలకండి.

ఇట్లు,
మీ అత్తవారింటి వాళ్ళం

తా.క.: మీ పెద్దాయన లక్కప్లేటు గారు కూడా వేంచేస్తే ముందే కబురు చెయ్యండి. ఆయన గాడి వెడల్పు, మీ 0.7 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) ముల్లు అడుగున పడి గీక్కుంటుంది. 3 మిల్ ముల్లు వేరే బిగించాలి. స్నానం కూడా వేరే. మీరు ఐదో వంతు ఆల్కహాల్ తట్టుకుంటారు, ఆయన మీద చుక్క పడితే లక్క కరిగి గుడ్డకి అంటుకుంటారు.