రాష్ట్రాల హక్కుల కోసం కాదు ఆ యుద్ధం

పోయిన వారం ఇక్కడి తెలుగువాళ్ల విందులో ఒక పెద్దాయన అన్న మాట ఇంకా నా మనసును వదలడం లేదు. "అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం గురించి కాదమ్మా, రాష్ట్రాల హక్కుల గురించి" అన్నారాయన. అంటే, కేంద్రం జోక్యం లేకుండా ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రం నడుపుకునే హక్కు కోసమని. చదువుకున్న మనిషి, మంచివారు. పదిమందిలో ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. ఊరుకున్నాననే బాధతోనే ఇది రాస్తున్నాను. ఆ పక్క గదిలో ఆడుకుంటున్న మా పిల్లలకు ఈ దేశంలో పుట్టుకతోనే పౌరసత్వం వచ్చిందంటే 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ వల్లే. అది బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసం రాసుకున్న సవరణ. అందుకే ఆయన మాట నాకు మరీ గుచ్చుకుంది.

దేశం నుంచి విడిపోయి ఆ యుద్ధానికి దిగిన దక్షిణాది రాష్ట్రాలవాళ్లు తమ కారణాలను తామే కాగితం మీద పెట్టారు. 1860 డిసెంబరు 20న అందరికంటే ముందు విడిపోయిన సౌత్ కరోలినా ప్రకటన చదవండి. పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పగించడం లేదన్నది అందులో పెద్ద ఫిర్యాదు. బానిసలను వెంటబెట్టుకుని తమ రాష్ట్రం మీదుగా వెళ్లడానికి కూడా న్యూయార్క్ న్యాయస్థానాలు ఒప్పుకోలేదన్నది మరొకటి. న్యూయార్క్ తన గడ్డ మీద తన చట్టం నడుపుకోవడమే నేరమన్నవాళ్లు రాష్ట్రాల హక్కుల కోసం పోరాడారని ఎలా నమ్మమంటారు? మిసిసిపీ అయితే తన ఉనికి బానిసత్వంతోనే ముడిపడి ఉందని దాపరికం లేకుండా రాసింది. అప్పటికి ఈ దేశంలో బానిసలు దాదాపు 40 లక్షల మంది.

అప్పటి అధ్యక్షుడు లింకన్ మొదట్లో దేశ ఐక్యత కోసమే యుద్ధం అన్నాడు, నిజమే. కానీ ఉత్తరాది ఎందుకు పోరాడిందన్నది ఒక ప్రశ్న, దక్షిణాది ఎందుకు విడిపోయిందన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేస్తేనే ఈ అబద్ధం నిలబడుతుంది.

నన్ను అన్నిటికంటే కలచివేసేది, పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించాలని కేంద్రం 1850లో చేసిన పలాయిత బానిసల చట్టం. పట్టుబడ్డ మనిషికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలు లేదు. అతన్ని యజమానికి అప్పగిస్తే విచారించిన కమిషనర్‌కు 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు! ఈ చట్టం తమ నేలపై చెల్లదని విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిస్తే 1859లో దేశ సుప్రీంకోర్టు కొట్టేసింది. తమ హక్కు కోసం నిలబడ్డ రాష్ట్రం అది. ఆ రోజు దక్షిణాది దాని పక్షాన నిలవలేదు.

ఆంథొనీ బర్న్స్ కథ ఆ పెద్దాయనకు చెప్పి ఉండాల్సింది. వర్జీనియా నుంచి పారిపోయి బోస్టన్ చేరిన ఇరవై ఏళ్ల యువకుడు. 1854 మేలో పట్టుకున్నారు. విడిపించడానికి జనం కోర్టు భవనం మీదికి దూసుకెళ్లారు, ఒక కాపలాదారు చనిపోయాడు. అయినా తీర్పు యజమాని వైపే వచ్చింది. ఒక్క మనిషిని ఓడ ఎక్కించడానికి వీధుల వెంట సైనికులను నిలబెట్టారు. ఊరు కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకుంది, స్వేచ్ఛ చనిపోయిందని ఒక శవపేటికను వేలాడదీసింది. మరుసటి ఏడాది బోస్టన్‌లోని నల్లజాతి పాస్టర్ లియొనార్డ్ గ్రైమ్స్, మరికొందరు చందాలు పోగుచేసి, 1,300 డాలర్లు కట్టి అతన్ని విడిపించారు. బర్న్స్ చదువుకున్నాడు, తానూ పాస్టర్ అయ్యాడు, కెనడాలో ఒక చిన్న చర్చి నడిపాడు. 1862 జూలైలో, ఇరవై ఎనిమిదేళ్లకే చనిపోయాడు. ఆరు నెలలు తిరగకుండానే, 1863 జనవరి 1న, తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలు ఇక స్వేచ్ఛాజీవులన్న లింకన్ విముక్తి ప్రకటన వచ్చింది.