నచ్చిన పుస్తకంలో ఏముందో చెప్పేవాళ్లతో జాగ్రత్త

పుస్తకాలు చదివేవాళ్ల లోకంలో ఇంతకాలం శాంతిభద్రతలు బాగానే ఉండేవి. ఒకరికి ఒక పుస్తకం నచ్చుతుంది, "అద్భుతం, చదివి తీరాల్సిన పుస్తకం" అని రాస్తారు, చూసినవాళ్లు ఓ పాతికమంది "తప్పకుండా చదువుతానండీ" అని మాట ఇస్తారు, ఎవరూ చదవరు, ఎవరికీ నష్టం లేదు. రాసినవాళ్లకి రాసిన తృప్తి, మాట ఇచ్చినవాళ్లకి చదివేసినంత తృప్తి. ఇంత సవ్యంగా నడిచే ఏర్పాటును పాడుచేయడానికి ఈమధ్య కొందరు బయల్దేరారు. వీళ్లు తమకు నచ్చిన పుస్తకంలో అసలు ఏముందో చెబుతున్నారు.

ఇందులో ప్రమాదం ఏమిటో తెలియాలంటే ముందు సరైన పద్ధతి ఏమిటో తెలియాలి.

సరైన పద్ధతిలో పొగడ్తకి పుస్తకంతో పెద్దగా పని ఉండదు. "ఏకబిగిన చదివేశాను" అన్నారనుకోండి, అది చదివినాయన నడుముకి సంబంధించిన సమాచారం. "రాత్రంతా నిద్ర పట్టలేదు" అన్నది పూర్తిగా వైద్య సమాచారం. "ఈ పుస్తకం నా జీవితాన్నే మార్చేసింది" అనేవాళ్లని నేను శ్రద్ధగా గమనిస్తుంటాను, నెలకొక పుస్తకం వాళ్ల జీవితాన్ని మార్చేస్తూనే ఉంది గానీ, ఫోన్ ఎత్తకపోవడం, ఎదుటివాళ్ల మాటకి అడ్డు తగలడం, అడిగి తీసుకెళ్లిన పుస్తకం తిరిగి ఇవ్వకపోవడం మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి, మరి మారేది ఎవరి జీవితమో. వీటన్నిటికీ పైమెట్టు "మాటల్లో చెప్పలేను" అనడం. ఆ మాట పడ్డాక ఇంకా ఆరు పేరాలు ఉంటాయని అనుభవం ఉన్నవాళ్లకి తెలుసు. ఆ ఆరు పేరాల్లో కథలోని మనిషి పేరు గానీ, జరిగిన సంగతి గానీ ఒక్కటీ జారిపోకుండా రాసుకుపోవడం ఉంది చూశారూ, అది సాధన చేస్తే తప్ప రాదు.

ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. అమెరికన్ కవి వాల్ట్ విట్మన్ 1855లో తన కవితల పుస్తకం సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుని, అంతటితో ఊరుకోకుండా, పేరు పెట్టకుండా తన పుస్తకం మీద తనే సమీక్షలు రాసి పత్రికల్లో వేయించుకున్నాడు. నచ్చిన పుస్తకం గురించి మనస్ఫూర్తిగా మెచ్చుకోవడం అంటే అది, మెచ్చుకునేది ఎవరన్నది చిన్న విషయం. ఆ పుస్తకం చేరాక అప్పటికే పేరుమోసిన రచయిత ఎమర్సన్ మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రాశాడు, మనిషికి మనిషి రాసుకున్న ఉత్తరం. మనవాడు 1856లో వచ్చిన రెండో కూర్పు వెన్ను మీద అందులోని అభినందన వాక్యాన్ని, కింద ఎమర్సన్ పేరుతో సహా, బంగారు అక్షరాల్లో కొట్టించేశాడు. ఎమర్సన్‌ని అడగనే లేదు. పొగిడినవాణ్ణి అడగడం దేనికి, పొగిడాడు కదా!

1907లో జెలెట్ బర్జెస్ అనే అమెరికన్ హాస్య రచయితకి ఈ గోల చూసి ఒళ్లు మండింది. తన పుస్తకానికి ఒక ఉత్తుత్తి అట్ట తయారుచేసి, దానిమీద గొంతు చించుకుని అరుస్తున్న ఒక అమ్మాయి బొమ్మ వేయించి, చుట్టూ ఆకాశానికి ఎత్తేసే పొగడ్తలు నింపి, పుస్తక వ్యాపారుల విందులో పంచాడు. ఆయన ఉద్దేశం వెక్కిరించడం. పుస్తకాల లోకం మాత్రం దాన్ని నమూనాగా తీసుకుంది. నూటపదేళ్లు దాటాయి, ఆ అమ్మాయి ఇంకా అట్టల మీద అరుస్తూనే ఉంది, బొమ్మ మాత్రం వేయడం లేదు అంతే. (వ్యంగ్యం రాసేవాళ్లకి ఇందులో ఒక హెచ్చరిక ఉంది గానీ, ఇది గంభీరమైన వ్యాసం కాబట్టి నాకు వర్తించదు.)

తర్వాత చుక్కలొచ్చాయి. 2007లో మొదలై 2013లో అమెజాన్ చేతికి వెళ్లిన పాఠకుల వెబ్‌సైట్ గుడ్‌రీడ్స్‌లో అయిదు చుక్కల లెక్క ఒకటుంది. వాళ్లు రాసుకున్న ప్రకారం ఒక చుక్క అంటే నచ్చలేదు, రెండంటే ఫర్వాలేదు, మూడంటే నచ్చింది, నాలుగంటే చాలా నచ్చింది, అయిదంటే అద్భుతం. అంటే మొత్తం కొలతలో నచ్చలేదు అనడానికి ఉన్నది ఒకే ఒక్క మెట్టు, మిగతావన్నీ మర్యాదలే. అయినా ఎవరి పుస్తకానికైనా మూడు చుక్కలు పెట్టి చూడండి. "నచ్చింది" అనే కదా చెప్పారు? ఆ రచయిత మీతో మాట్లాడితే నన్నడగండి. నాలుగు పెడితే "ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించారో తెలుసుకోవచ్చా" అని అడుగుతారు, చాలా వినయంగా, మనం ఆయన ఆస్తిలో వాటా కొట్టేసినట్టు. అందుకే ఇంగితం ఉన్నవాళ్లు అయిదు పెట్టేస్తారు. ఇంకా ఇంగితం ఉన్నవాళ్లు పుస్తకం విడుదల కాకముందే పెట్టేస్తారు, ఆ సౌకర్యం కూడా అక్కడ ఉంది. రేపు మన పుస్తకం వస్తుంది, ఆయన పెట్టాలి. దీన్ని కొందరు ఒకరి డబ్బా ఒకరు కొట్టడం అంటారు, గిట్టనివాళ్లు ఏదో ఒకటి అంటారు.

పొగడడానికి చదవక్కర్లేదన్నది నా మాట కాదు, లెక్కల మాట. జోర్డాన్ ఎలెన్‌బర్గ్ అనే గణిత శాస్త్రవేత్త 2014లో సగం సరదాగా ఒక లెక్క వేశాడు. అమెజాన్ వారి ఈ-పుస్తకాల పరికరం కిండిల్‌లో జనం ఎక్కువగా గీతలు పెట్టుకున్న అయిదు వాక్యాలు ఏయే పేజీల్లో ఉన్నాయో చూసి, సగటు తీసి, మొత్తం పేజీలతో భాగించాడు. చివరిదాకా చదివితే గీతలు పుస్తకమంతా పరుచుకుని ఉండాలి, మధ్యలో వదిలేస్తే అన్నీ మొదట్లోనే గుంపుగా ఉండాలి, ఇదీ ఆయన ఊహ. 1988లో వచ్చి కోటికి పైగా అమ్ముడుపోయిన, భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ రాసిన కాలం కథకి (ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్) 6.6 శాతం వచ్చింది. ఆ ఏడాది మేధావులందరి చేతుల్లోనూ కనిపించిన ఆర్థికవేత్త థామస్ పికెట్టీ పెట్టుబడి గ్రంథానికి (క్యాపిటల్ ఇన్ ది ట్వెంటీ ఫస్ట్ సెంచరీ) 2.4. దాదాపు 700 పేజీల పుస్తకంలో అది పదిహేడో పేజీ దగ్గర తేలుతుంది. కొందరు దీన్ని ఎగతాళికి వాడుకున్నారు. నాకైతే గర్వంగా అనిపించింది. పదిహేడు పేజీల పెట్టుబడితో ప్రపంచ ఆర్థిక అసమానతల మీద ఏడాది పొడవునా చర్చ నడిపారంటే, ఏ పెట్టుబడి మీద వస్తుందండీ అంత రాబడి?

పుస్తకం చేతిలో పెట్టి మరీ ఉత్సాహం చూపించే ఆప్తుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వీళ్లు పుస్తకం ఇచ్చి వెళ్లిపోరు, కాపలా ఉంటారు.

"ఎక్కడిదాకా వచ్చావురా?"

"ముప్ఫయ్యో పేజీ."

"ఓ... అయితే ఇంకా అది రాలేదన్నమాట."

"ఏది?"

"నేను చెప్పను. ఆ అన్నయ్య మంచివాడు అనుకుంటున్నావు కదూ? అనుకో, అనుకో."

ఇక అక్కణ్ణించి అన్నయ్య నీళ్లు తాగినా మనకి అనుమానమే. పైగా ఎదురుగా కూర్చుని మనం చదువుతుంటే మన మొహం చదువుతుంటారు. సరిగ్గా వాళ్లు నవ్విన చోట మనం నవ్వాలి, వాళ్లు ఏడ్చిన చోట కనీసం ముక్కు ఎగబీల్చాలి. ఆ టెన్షన్‌లో కథ సంగతి ఎవరికి గుర్తుంటుంది! అయినా వీళ్లని నేను సమర్థిస్తాను, ఎందుకంటే వాళ్ల కాపలా పుణ్యమా అని ఆ పుస్తకం పూర్తి చేసినవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు అసలు ముప్పు దగ్గరికి వద్దాం. ఈ కొత్త రకం పాఠకులు ఎలా మాట్లాడతారంటే, "ఇందులో ఒక కథలో తండ్రి పోయాక కొడుకు ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టి చూసుకుంటాడు, అవి వాడికి చిన్నవవుతాయి, రచయిత అక్కడ ఇంకొక్క ముక్క కూడా మాట్లాడకుండా తర్వాతి రోజుకి వెళ్లిపోతాడు" అంటారు. అంతే. గుండె పిండేసిందని అనరు, కళ్లు చెమర్చాయని అనరు, పేరాకి మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టరు. అంతటితో ఆగినా బావుండేది. "రెండో కథ సాగదీశాడు, చివరి కథలో ఆడమనిషి మాట్లాడే తీరు నమ్మబుద్ధి కాలేదు, అయినా ఆ చెప్పుల కథ కోసం కొనొచ్చు" అని కూడా అంటారు. నచ్చిన పుస్తకానికి లోపం చెప్పడం! ఇష్టమంటే ఇంతేనా? పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్లే లేచి మావాడికి కోపం ఎక్కువండీ అని చెప్పినట్టుంది.

వీళ్లవల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, మనం వాళ్లని నమ్ముతాం. నమ్మితే ఆ చెప్పులు బుర్రలోంచి పోవు. చేసుకునే పని మధ్యలో గుర్తొస్తాయి. ఎవరివో చెప్పులు, ఏ కొడుకో, మనకెందుకు? కానీ పుస్తకం తెప్పించుకునేదాకా మనసు ఊరుకోదు, తెప్పించాక చదవకుండా ఊరుకోదు. చదివాక ఇంకో ఉపద్రవం, ఆ రెండో కథే మనకి ఎక్కువ నచ్చుతుంది, సాగదీశాడని వాళ్లు ఎలా అన్నారో అర్థం కాదు, అర్ధరాత్రి లేచి వాదించాలనిపిస్తుంది. వాదించాలంటే పేజీ చూపించాలి. అలా మొదలవుతుంది. "అద్భుతం" అన్నవాళ్లతో ఇలాంటి పేచీలు ఎప్పుడైనా వచ్చాయా? అద్భుతం అంటే అద్భుతం అంటాం, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోతాం.

కాబట్టి కొన్ని కట్టుబాట్లు తప్పవు. పొగడ్తలో పేజీ నంబరు వాడదలచినవాళ్లు ముందుగా అనుమతి తీసుకోవాలి. "నాకు నచ్చింది, మీకు నచ్చకపోవచ్చు" అనే వాక్యాన్ని పూర్తిగా నిషేధించాలి, నచ్చకపోయే స్వేచ్ఛ ఇస్తే జనం చదివి చూసుకోవడానికి తెగిస్తారు. లోపం ఎత్తి చూపినవాణ్ణి, రచయితతో నీకేమైనా పాత గొడవలున్నాయా అని వెంటనే అడగాలి, ఇది ఇప్పటికే బాగా అమల్లో ఉంది. చిన్నపిల్లలు మాత్రం ఏ కట్టుబాటుకీ లొంగేలా లేరు. నచ్చిన పుస్తకం గురించి అడిగితే "ఎలుగుబంటి టోపీ వెతుక్కుంటుంది, అది కుందేలు దగ్గర ఉంది, మళ్లీ చదువు" అంటారు, పుస్తకం ఏం సందేశం ఇచ్చిందమ్మా అంటే మన మొహంలోకి జాలిగా చూస్తారు. పెద్దయ్యాక వాళ్లే నేర్చుకుంటారులెండి.

అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది ఇంకొకరితో. వాళ్లు ఎక్కువ రాయరు, రెండే రెండు ముక్కలు పంపిస్తారు: "నలభయ్యో పేజీలో ఒక ఉత్తరం ఉంది. చదివాక నీకేమనిపించిందో చెప్పు." జవాబివ్వకండి. "సూపర్, తప్పకుండా" అని కూడా అనకండి, వాళ్లు మర్నాడు మళ్లీ అడిగే రకం. ఇవ్వాలంటే నలభయ్యో పేజీ తెరవాలి, తెరిస్తే ఆ ఉత్తరం ఎవరు ఎవరికి రాశారో తెలియదు, అది తెలియాలంటే ముందున్న ముప్ఫైతొమ్మిదీ చదవాలి.